ఎముకను దాటిన ఎర్రటి వెలుగు

సిజేరియన్ జరుగుతున్న తల్లి మెదడుకు ఆక్సిజన్ సరిగ్గా అందుతోందో లేదో నుదుటికి అంటించిన చిన్న పట్టీ చెప్పగలదు. సూది గుచ్చక్కర్లేదు, గాటు పెట్టక్కర్లేదు. ఇంతటి సాధనానికి అంకురం పడింది ఒక ఇంటి భోజనాల బల్ల దగ్గరని చదివాక నా సంతోషానికి హద్దు లేదు. అక్కడి నుంచి దాని పూర్వీకులందరినీ వెతుక్కుంటూ వెళ్లాను.

1976 డిసెంబరు. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త ఫ్రాన్స్ యోబ్సిస్ ఇంట్లో అందరూ భోజనానికి కూర్చున్నారు. ఆ పూట గొడ్డుమాంసం వండారు. పద్నాలుగేళ్ల కొడుకు పళ్లెంలో మిగిలిన పలచటి ఎముకను దీపం వైపు ఎత్తి పట్టుకున్నాడు. ఎముకలోంచి ఎర్రటి వెలుగు కనిపించింది.

ఇంకో తండ్రి అయితే ఎముక కింద పెట్టమని గదిమేవాడు. యోబ్సిస్ అప్పటికే చాలా ఏళ్లుగా కణాలు ఆక్సిజన్‌ను ఎలా వాడుకుంటాయో కాంతి సాయంతో పరిశోధిస్తున్నారు. ఎరుపు వెలుగు ఎముకను దాటుతోందంటే, ఎరుపుకు ఆవల కంటికి కనబడని పరారుణ కాంతి ఇంకా సులువుగా దాటాలి. మరి పుర్రెను మాత్రం ఎందుకు దాటదు? ఆ ప్రశ్నతో ఆయన ప్రయోగశాలకు వెళ్లారు. పిల్లి తలలోంచి కాంతిని పంపి చూశారు, మనిషి తలలోంచీ పంపి చూశారు. 1977లో ‘సైన్స్’ పత్రికలో ఆ ఫలితాలు అచ్చయ్యాయి.

కిటుకు ఇదీ. సుమారు 700 నుంచి 900 నానోమీటర్ల మధ్య కాంతిని శరీరంలోని నీరు గాని, రక్తం గాని పూర్తిగా మింగేయవు. ఆక్సిజన్ ఉన్న హిమోగ్లోబిన్ ఆ కాంతిని ఒక తీరుగా పీల్చుకుంటే, లేనిది మరో తీరుగా పీల్చుకుంటుంది. తిరిగొచ్చిన వెలుగులోని తేడాను లెక్కగడితే మెదడు సంగతి తెలుస్తుంది.

తలలోంచి వెలుగు చూసినవారిలో యోబ్సిస్ మొదటివారు కారు. తలలో నీరు చేరిన ఒక రోగి వెనుక కొవ్వొత్తి పెడితే అతని పుర్రెలోంచి వెలుగు కనిపించేదని లండన్ వైద్యుడు రిచర్డ్ బ్రైట్ 1831లోనే రాశారు. 1876లో జర్మనీలో కార్ల్ ఫీరోర్ట్ వేలిని బిగించి కట్టి, దానిలోంచి వచ్చే వెలుగును పరీక్షించి, ఆక్సిజన్ తరిగిపోవడాన్ని చూశారు. ఆ పరిశీలన దాదాపు అర్ధ శతాబ్దం మరుగున పడింది. ఒక మంచి ఆలోచనను అందుకునేవాళ్లు లేకపోతే ఎన్ని ప్రాణాలు నష్టపోతామో! రెండో ప్రపంచ యుద్ధకాలంలో గ్లెన్ మిలికన్ విమాన చోదకుల చెవికి తగిలించి రక్తంలోని ఆక్సిజన్‌ను కొలిచే ఆక్సిమీటర్ చేశారు. 1970ల్లో జపాన్‌లో తకువో అవోయగి కనిపెట్టిన పల్స్ ఆక్సిమీటర్‌ను కోవిడ్ రోజుల్లో మనమంతా వేలికి తొడుక్కున్నాం.

యోబ్సిస్ కాంతి ఆసుపత్రిలో అడుగుపెట్టింది పసిపిల్లల దగ్గరికే. 1980ల నడుమ డ్యూక్‌లోనూ, లండన్ యూనివర్సిటీ కాలేజీలోనూ నెలలు నిండని శిశువుల మెదడును దీనితో చూశారు. పసివాళ్ల పుర్రె పలచన కదా. కన్నతల్లి వంతు రావడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది. ఆ ఆలస్యం నన్ను బాధిస్తుంది.

తల్లికి ఈ అవసరం తక్కువేం కాదు. 1898లో వైద్యుడు ఆగస్ట్ బీర్ వెన్నులో మత్తు ఇచ్చే పద్ధతి కనిపెట్టారు. రెండేళ్లకే దాన్ని కాన్పులో వాడారు. సిజేరియన్‌కు ఇచ్చే ఆ మత్తుకు నడుము కింది రక్తనాళాలు సడలి బీపీ పడిపోతుంది. వెల్లకిలా పడుకుంటే నిండు గర్భం పెద్ద సిరను నొక్కి గుండెకు చేరే రక్తాన్ని తగ్గిస్తుంది. శరీర బరువులో రెండు శాతమే ఉన్నా ఆక్సిజన్‌లో అయిదో వంతు వాడుకునే మెదడుకు ఆ లోటు వెంటనే తగులుతుంది. తల్లికి కళ్లు తిరుగుతాయి, వికారం పుడుతుంది.

2005లో డెన్మార్క్ వైద్యులు నుదుటి పట్టీ రీడింగు బీపీ పడబోతోందని ముందే పసిగట్టగలదని చూపించారు. 2014లో అక్కడే జరిగిన మరో అధ్యయనం ఇంకో మెలిక విప్పింది. బీపీ నిలబెట్టే రెండు మందుల్లో ఎఫెడ్రిన్ ఇచ్చినవారితో పోలిస్తే ఫినైలెఫ్రిన్ ఇచ్చినవారిలో మెదడు ముందుభాగపు ఆక్సిజన్ తక్కువగా ఉంది. చేతి పట్టీ చూపే బీపీ అంకె బాగుంటే మెదడూ బాగుందనుకోవడానికి లేదన్నమాట. అయితే నుదుటి పట్టీ అంకెలోనూ చర్మంలోని రక్తం కొంత కలుస్తుంది. అందుకే ఆ అంకె ఎంత అన్నదానికంటే మొదట్లో ఉన్న అంకె నుంచి ఎంత తగ్గిందన్నదే ముఖ్యం.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. ఇంతమంది తల్లులు కత్తి కిందికి వెళ్తున్న చోట వాళ్ల మెదడు గురించి ఇంత తక్కువగా మాట్లాడుకోవడం తప్పు. నుదుటి పట్టీ ప్రతి ఆపరేషన్‌కూ రావాలని నేననను. దానికంటే ముందు మత్తు డాక్టరు పక్కనే ఉండాలి, బీపీని నిమిషనిమిషానికీ చూడాలి, గర్భాన్ని కాస్త ఎడమకు ఒరిగించాలి, తల్లిని పలకరిస్తూ ఉండాలి. వెన్నులో మత్తు ఇచ్చాక తల్లి మెలకువగానే ఉంటుంది. ఆమె మాటను మించిన హెచ్చరిక లేదు. కాబట్టి అమ్మా, బల్లమీద ఉండగా కళ్లు తిరిగినా, కడుపులో తిప్పినా ఓర్చుకోకండి. వెంటనే మత్తు డాక్టరుకు చెప్పండి.