రెట్టింపు కాగితం, దాని అసలు వడ్డీ

మన ఊళ్లల్లో వడ్డీని శాతాల్లో చెప్పేవాళ్లు తక్కువ. రూపాయి వడ్డీ, రెండు రూపాయల వడ్డీ అంటాం. నూటికి, నెలకు అన్న మాటలు పైకి అనకపోయినా అందులోనే ఉంటాయి. 2004లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం సంఘాల అప్పులకు 'పావలా వడ్డీ' పథకం పెట్టినప్పుడు, పావలా అంటే ఎంతో మనకు ఎవరూ విడమరచి చెప్పాల్సిన పని పడలేదు. ఏడాదికి 3 శాతం అని రాసి ఉంటేనే ఒకరినొకరు అడిగి ఉండేవాళ్లం.

ఈ కొలత చాలా పాతది. 499 నాటి ఆర్యభటీయంలో ఇలాంటి లెక్కకు సూత్రం ఉంది: కొంత అసలును నెల వడ్డీకి ఇచ్చారు. వచ్చిన వడ్డీని అదే రేటుకు ఇంకొన్ని నెలలు తిప్పారు. చివరికి వడ్డీ, దాని మీద వడ్డీ కలిపి ఇంత చేతికొచ్చింది. అయితే మొదటి నెల వడ్డీ ఎంత? తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో వడ్డీ లెక్కలకు బోలెడు చోటిచ్చాడు. దాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చినవాడు పావులూరి మల్లన. చివర చేతికొచ్చే మొత్తాన్ని చూసి లోపల దాగిన వడ్డీని బయటికి లాగడం అంటే మనవాళ్లకు కొత్తేమీ కాదన్నమాట.

ఆ పని మళ్లీ అవసరమైంది పోస్టాఫీసు దగ్గర. పోస్టాఫీసు సేవింగ్స్ బ్యాంకు 1882 ఏప్రిల్ 1న మొదలైంది. 1972లో మహిళా ప్రధాన్ క్షేత్రీయ బచత్ యోజన వచ్చాక ఆడవాళ్లే ఏజెంట్లుగా ఇంటింటికీ తిరిగి నెలనెలా ఆర్.డి. డబ్బు వసూలు చేశారు. సంఘాలు పుట్టకముందే పొదుపు మన గడప దాకా వచ్చింది వీళ్ల వల్లే. ఈ మాట మనం తరచూ మరచిపోతాం.

1988 ఏప్రిల్‌లో కిసాన్ వికాస్ పత్రం వచ్చింది. దాన్ని అర్థం చేసుకోవడానికి చదువు అక్కర్లేదు. ఐదున్నరేళ్లలో డబ్బు రెట్టింపు, అంతే. వెయ్యి పెడితే రెండు వేలు. ఇక్కడే లెక్క జారుతుంది. వంద రూపాయల మీద వంద లాభం, గడువు 66 నెలలు. భాగించి చూస్తే నెలకు రూపాయిన్నర పైనే, ఏడాదికి 18 శాతం దాటి కనపడుతుంది. కానీ ఆ పత్రంలో వడ్డీ ఏటా అసలులో కలిసి, దాని మీద మళ్లీ వడ్డీ పడుతుంది. చివరి ఏడాది పనిచేసేది వంద కాదు, 180 దాకా పెరిగిన మొత్తం. అలా కడితే తేలేది ఏడాదికి 13.43 శాతం. మన భాషలో, నెలనెలా వడ్డీ తిప్పుకుంటే రూపాయి ఆరు పైసలు. రూపాయిన్నరకూ దానికీ తేడా తక్కువేం కాదు.

దీనికి ఒక చిటికె లెక్క ఉంది. 70ని రెట్టింపయ్యే నెలలతో భాగించండి. 70ని 66తో భాగిస్తే 1.06, అదే రూపాయి ఆరు పైసలు. 1494లో ఇటలీలో లూకా పాచోలీ తన పుస్తకంలో 72 సంఖ్యతో ఇలాంటి సూత్రమే ఇచ్చాడు. మన నెల వడ్డీకి 70 బాగా అతుకుతుంది.

తర్వాత 'రెట్టింపు' అన్న మాట మారలేదు, నెలలు మారాయి. 1999లో 72 నెలలు. 2003కి 103 నెలలు, అంటే 68 పైసలు. 2011లో పత్రం ఆపేశారు. 2014 నవంబరులో మళ్లీ తెచ్చినప్పుడు 100 నెలలు. 2023 ఏప్రిల్ నుంచి 115 నెలలు. ఇందులో నిజ వడ్డీ నెలకు 60 పైసలు, ఏడాదికి 7.5 శాతం. ఊరికే భాగించి చూసిన చెల్లెలికి మాత్రం 87 పైసలు కనపడుతుంది.

సంఘం సొమ్ము ఎక్కడ పెట్టాలన్న తీర్మానం వచ్చినప్పుడు ఈ 27 పైసలే గొడవ. సభ్యులకు రూపాయి వడ్డీకి అప్పిస్తున్న సంఘానికి, 87 అంటే దాదాపు సమానమే కదా, వసూళ్ల తలనొప్పి లేకుండా గవర్నమెంటు దగ్గర పడి ఉంటుంది కదా అనిపించవచ్చు. 60 అని తెలిస్తే ఆ మాట నిలవదు. అదే సభ్యురాలు బయట రెండు రూపాయలకు అప్పు తెచ్చుకుంటుంటే అసలే నిలవదు. కదిలించకూడని నిల్వ కొంత పక్కన పెట్టడం వేరు. అది వడ్డీ కోసం కాదు.

ఆర్.డి. దగ్గర ఇదే భాగహారం తలకిందులుగా మోసం చేస్తుంది. 6.7 శాతం వడ్డీతో నెలకు 100 చొప్పున 60 నెలలు కడితే, 6,000 కట్టినందుకు 7,136 దాకా వస్తుంది. 1,136ని 6,000తో, తర్వాత ఐదేళ్లతో భాగిస్తే ఏడాదికి 4 శాతం కూడా రాదు. "ఇంతేనా" అని మధ్యలో మానేయాలనిపిస్తుంది. కానీ ఆరు వేలూ ఐదేళ్లపాటు అక్కడ లేవు కదా. మొదటి వంద 60 నెలలు ఉంది, చివరి వంద ఒక్క నెలే. ఒకటి నుంచి అరవై దాకా కూడితే 1,830. అంటే వంద రూపాయలు 1,830 నెలలు ఉన్నట్టు. 1,136ని దానితో భాగిస్తే నెలకు 62 పైసలు. ఇది బారువడ్డీ లెక్క. చక్రవడ్డీగా కడితే 55 పైసల చిల్లర తేలుతుంది, పోస్టాఫీసు చెప్పిన 6.7 శాతం అదే.

ఆ ఆర్.డి. మీద 12 కిస్తులు కట్టి, ఖాతాకు ఏడాది నిండాక, జమైన దాంట్లో సగం దాకా అప్పు కూడా ఇస్తారు. దానికి వడ్డీ ఆర్.డి. వడ్డీ కంటే 2 శాతం ఎక్కువ. 6.7 మీద 8.7, అంటే నూటికి నెలకు 73 పైసల లోపే.