మా అత్తగారి నమస్కారం

1980లలో మా ఆడపడుచు వాళ్ళు హైదరాబాదులో కాపురం ఉండేవారు. ఒకసారి నేనూ మా అత్తగారూ పొదిలి నుంచి రాత్రంతా బస్సులో కూర్చుని వాళ్ళింటికి వెళ్ళాం. సాయంత్రం అయ్యేసరికి వీధిలో సగం మంది వాళ్ళ ముందుగదిలో చేరారు. టెలివిజన్లో వార్తలు! 1983 నవంబరు 14న తెలుగులో మొట్టమొదటిసారి టీవీ వార్తలు చదివిన శాంతిస్వరూప్ గారే ఆ వేళా చదవబోతున్నారు. ఆయన తెరమీదికి వచ్చి నమస్కారం అన్నారు. మా అత్తగారు చటుక్కున చాప మీంచి లేచి, కొంగు భుజాల నిండా కప్పుకుని, రెండు చేతులూ జోడించారు. పిల్లలంతా పకపకా నవ్వారు.

ఆవిడకి కోపం వచ్చింది. "ఎందుకు నవ్వుతారే? పెద్దమనిషి దణ్ణం పెడితే మళ్ళీ పెట్టొద్దా?" అన్నారు. కాసేపాగి నా చెవి దగ్గరికి వంగి, "ఆయన దణ్ణం మనకందింది గదా అమ్మాయ్. మనది ఆయనకు అందదా?" అని అడిగారు.

అందదు అత్తయ్యా అన్నాను.

"ఇదేం మర్యాదమ్మా!" అన్నారు.

అది మర్యాదకి సంబంధించిన మాట అని అప్పుడనుకున్నాను. టెలివిజన్ని చదువుకీ, ఊరి మంచిచెడ్డలకీ వాడుకోవాలని చూసినవాళ్ళందరికీ మొదట ఎదురైన చిక్కు అదేనని చాలా ఏళ్ళ తరువాత గాని నాకు తెలియలేదు.

అసలు మన పల్లెలకి టెలివిజన్ వచ్చిన వైనం చూడండి. పట్నాల్లోనే అది అబ్బురంగా ఉన్న రోజుల్లో, ఏకంగా పల్లెటూళ్ళకే పంపిద్దామని విక్రం సారాభాయ్ గారు పట్టుబట్టారు. 1969లో అమెరికావారి నాసాతో ఒప్పందం కుదిరింది. 1971 డిసెంబరులో ఆయన పోయారు. ఆ ముచ్చట చూడలేకపోయారు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా, సరిగ్గా ఒక్క ఏడాది, అమెరికా ఉపగ్రహం ఒకటి 36,000 కిలోమీటర్ల ఎత్తు నుంచి మన దేశంలో ఆరు రాష్ట్రాలలో సుమారు 2,400 గ్రామాలకు బొమ్మలు పంపింది. దానికి 'సైట్' అని పేరు. మెదక్, మహబూబ్‌నగర్ లాంటి జిల్లాల పల్లెలకి ఆ యోగం పట్టింది. మా పొదిలికి పట్టలేదనుకోండి.

ఊరికి ఒక్కటే పెట్టె. బడిలోనో పంచాయతీ ఆఫీసులోనో ఉండేది. పైన మూడు మీటర్ల వెడల్పున, కోళ్ళ గూడుకి కొట్టే వల లాంటి ఇనుప వలతో చేసిన గొడుగు. పొద్దున గంటన్నర బడిపిల్లలకి, సాయంత్రం రెండున్నర గంటలు పెద్దలకి. తెలుగు, హిందీ, కన్నడం, ఒరియా భాషల్లో సేద్యం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ, మధ్యమధ్య ఆటాపాటా. సెలవుల్లో సుమారు 50,000 మంది పంతుళ్ళకి సైన్సు ఎలా చెప్పాలో దాని ద్వారానే నేర్పారు. ఇది తక్కువ పనేమీ కాదు. సాయంత్రాలు మాత్రం ఆడవాళ్ళు తక్కువగా వచ్చేవారట. పొయ్యి మీద ఎసరు పెట్టే వేళకి కార్యక్రమం పెట్టి, ఆడవాళ్ళు రాలేదంటే ఏం చెప్పమంటారు!

ఏడాది గడువు తీరింది. ఉపగ్రహం ఎవరిదో వాళ్ళు తీసుకున్నారు. ఆ సంవత్సరమంతా ఢిల్లీ, హైదరాబాదు, కటక్ స్టూడియోలలో తయారైన మాటలు పల్లెకి వచ్చాయే గాని, పల్లెలో వాళ్ళ మాట అదే దారిన వెనక్కి వెళ్ళే ఏర్పాటు లేదు. మా అత్తగారి దణ్ణం సంగతే!

ఇహ మా ఊరికి వద్దాం. 1990లలో మాకు తీగ వచ్చింది. 1991లో గల్ఫ్ యుద్ధం చూడ్డానికని పట్నాల్లో డిష్‌లు లేచాయి. మాకు యుద్ధంతో పని లేదు, సినిమాలు కావాలి. బజారులో ఒక మేడ మీద డిష్ బిగించి, కరెంటు స్తంభాల మీదుగా, వేపకొమ్మల్లోంచి, మా వంటింటి కిటికీ పక్కగా నల్ల తీగ లాగాడు ఒక కుర్రాడు. నెలనెలా పాలవాడి లాగే వచ్చి డబ్బులు వసూలు చేసుకునేవాడు. 1995 ఆగస్టు 27న ఈటీవీ మొదలయ్యాక తీగ లేని ఇల్లు చిన్నతనంగా కనిపించేది.

ఆ కుర్రాడి దగ్గర ఒక చానెలు ఖాళీగా ఉండేది. మొదట్లో రాత్రిపూట క్యాసెట్టు సినిమా వేసేవాడు. తరువాత ఊళ్ళో పెళ్ళి వీడియోలు, శ్రీరామనవమి పందిళ్ళు, తప్పిపోయిన గేదె, దొరికిన పర్సు, రేపు నీళ్ళు ఏ వీధికి వదులుతారో ఆ వేళా, కింద అక్షరాలు పాకుతూ వచ్చేవి. నవ్వకండి. ఆ అక్షరాల కోసం నేను సీరియల్ కూడా వదులుకున్నాను.

ఒక ఏడు పదో తరగతి పరీక్షల ముందు మావారిని లెక్కలు చెప్పమని అడిగాడు. మావారు లెక్కల మాస్టారు. ముప్ఫయ్యేళ్ళు నల్లబల్ల ముందు నిలబడిన మనిషి, కెమెరా ముందు రెండు నిమిషాలు నోరు పెగలక నిలబడిపోయారు. "తిట్టడానికి ఎదురుగా ఒక్క వెధవా లేడోయ్" అన్నారట. అప్పుడా కుర్రాడు బల్ల మీద టెలిఫోను పెట్టాడు. పాఠం నడుస్తూండగా ఫోను మోగింది. ఎవరో ఆడపిల్ల. "సార్, ఆ రెండో మెట్టు మళ్ళీ చెప్పండి." మావారు వెనక్కి తిరిగి, చెరిపేసి, మళ్ళీ రాశారు. ఇంట్లో కూర్చున్న మా అత్తగారు ఒక్క గంతులో నా దగ్గరికొచ్చి, "అందిందే! ఆ పిల్ల మాట వాడికందింది!" అన్నారు.

ఆ ఎండాకాలమే కుర్రాడు అద్దె వీడియో కెమెరా భుజాన వేసుకుని మా వీధికి వచ్చాడు. మా వైపు బోరు నీళ్ళ సంగతి మీరు వినే ఉంటారు. పొదిలి, కనిగిరి ప్రాంతాలలో భూమిలో నీళ్ళకి ఫ్లోరైడు పీడ ఉంది. పళ్ళు గారకడతాయి, నడివయసుకే మోకాళ్ళు పట్టేస్తాయి. తాగే నీళ్ళు బండి మీద రావాలి. బండి రాని రోజు బిందెలు వరసగా కూర్చుంటాయి, మనుషులు వరసగా నిలబడతారు.

"అవ్వా, నువ్వు మాట్లాడతావా?" అన్నాడు వాడు మా అత్తగారితో.

"ఎవరింటారు నాయనా?"

"ఊరంతా ఇంటది."

ఆవిడ కొంగు కప్పుకున్నారు. మొదట దణ్ణం పెట్టారు. ఆ తరువాత నాలుగు నిమిషాలు మాట్లాడారు. తన అత్తగారి కాలంలో చేదబావి ఎక్కడుండేదీ, అది ఎప్పుడు పూడిపోయిందీ, తన మోకాలు ఎప్పటినుంచి వంగడం లేదూ, బండి తెల్లవారుజామున మూడింటికి వస్తే ఒంటరి ఆడది బిందెతో ఎలా వెళ్ళేదీ, అన్నీ చెప్పారు. ఒక్కరినీ తిట్టలేదు. ఆ సాయంత్రం అది రెండుసార్లు వేశారు. మర్నాడు కూరల బజారులో ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఆవిడని ఆపి, "మా వీధిలోనూ అంతేనమ్మా" అన్నారు. వారం తిరక్కుండా బండి ఉదయం ఏడింటికి రావడం మొదలుపెట్టింది. బొమ్మ వల్ల వచ్చిందో, ఓట్లు దగ్గర పడ్డం వల్ల వచ్చిందో నేను ప్రమాణం చేయలేను.

ఊళ్ళోవాళ్ళ గోడు వాళ్ళ నోటితోనే బొమ్మలోకెక్కించడం మా కుర్రాడే కనిపెట్టాడని చాలాకాలం గర్వపడ్డాను. తరువాత చదివితే తెలిసింది, వాడికి అన్నలు సముద్రాల అవతల ఉన్నారని. కెనడాలో ఫోగో అని చేపలు పట్టుకునేవాళ్ళ దీవి ఉంది. అక్కడ బతుకుతెరువు లేదని, జనాన్ని లేవదీసి వేరేచోట పెట్టాలని ప్రభుత్వం ఆలోచిస్తున్న రోజుల్లో, 1967లో, ఆ దేశపు ఫిలిం బోర్డు తరఫున కాలిన్ లో అనే ఆయన వెళ్ళి దీవివాళ్ళ మాటలు చిన్న చిన్న సినిమాలుగా తీశారు. వాటిని ముందు ఆ దీవిలోనే ఒక ఊరివాళ్ళవి ఇంకో ఊరివాళ్ళకి చూపించారు. తరువాత ప్రభుత్వంలోని పెద్దలకి చూపించారు. ఎడమొహం పెడమొహంగా ఉన్న ఊళ్ళు తమ కష్టం ఒకటేనని తెలుసుకుని సహకార సంఘం పెట్టుకున్నాయి. ఇవాళ్టికీ ఆ దీవిలో మనుషులున్నారు.

నాకు ఇంకా ముచ్చటేసింది అమెరికాలో రెడింగ్ అనే ఊరు. 1976లో అక్కడ ముసలివాళ్ళు చేరే మూడు చోట్లని కేబుల్ తీగతో కలిపారు. తీగ రెండు వైపులా పనిచేస్తుంది. ఇక్కడి ముసలమ్మ అక్కడి ముసలాయనతో తెరమీదే కబుర్లు, పాటలు. ఊరి అధికారులు ఒకచోట కూర్చుంటే, ఎక్కడివాళ్ళక్కడే ఉండి ప్రశ్నలు వేసేవారు. మన సైట్ నడిచిన సంవత్సరమే సుమండీ! ఒక చోట ఆకాశమంత ఎత్తు నుంచి ఒకవైపు మాట, ఇంకో చోట నాలుగు వీధుల తీగ మీద ఇరువైపులా మాట. ఆ తరువాత 1984లో అమెరికావాళ్ళు చట్టం చేసుకున్నారు. కేబుల్ కంపెనీకి అనుమతి ఇచ్చేటప్పుడు, ప్రజలకి, బడులకి, ఊరి పాలనకి కొన్ని చానెళ్ళు విడిచిపెట్టమని ఊరు అడగవచ్చు.

మన దగ్గర 1995లో రెండు పనులు జరిగాయి. ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు, క్రికెట్ ప్రసారాల తగాదాలో తీర్పు చెబుతూ, గాలిలో పోయే ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అంది. తీర్పు రాసినవారిలో జస్టిస్ పి.బి. సావంత్ గారితో పాటు మన తెలుగువారు జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి గారు ఉన్నారు. మార్చిలో కేబుల్ చట్టం వచ్చింది. ఆపరేటరు పోస్టాఫీసులో పేరు నమోదు చేయించుకోవాలి, దూరదర్శన్ తప్పకుండా చూపించాలి అంది. ఊరివాళ్ళ కోసం ఒక చానెలు ఉండాలని మాత్రం అనలేదు. గాలి మనది, తీగ ఎవరిదైతే వాళ్ళది! అందుకే మా కుర్రాడి చానెలు వాడి మంచితనం మీద నడిచింది. వాడు అప్పుల్లో పడి లైను పెద్దవాళ్ళకి అమ్ముకున్నాక ఆ చానెల్లో నగల ప్రకటనలూ సినిమా పాటలూ మిగిలాయి. ఎవరిని అడుగుతాం? అడగడానికి హక్కంటూ ఉంటే కదా.

అయితే అంతటితో కథ అయిపోలేదు. సైట్ రోజుల్లో మెదక్ పల్లెలకి బొమ్మలు వెళ్ళాయన్నాను చూశారూ, ఆ పనిలో ఉన్న దూరదర్శన్ నిర్మాత పి.వి. సతీష్ గారు తరువాత అదే జిల్లాలో జహీరాబాదు దగ్గర పస్తాపూరులో స్థిరపడ్డారు. 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీని నడిపించినవారు ఆయనే. అక్కడి సంఘాలలో ఉన్నది పేద ఆడవాళ్ళు, ఎక్కువమంది దళితులు, చాలామందికి అక్షరం ముక్క రాదు. వాళ్ళకి వీడియో కెమెరా ఇచ్చారు. 2001లో వాళ్ళదే ఒక మీడియా ట్రస్టు ఏర్పడింది. వరంగల్లు బీటీ పత్తి రైతుల కష్టం మీద వాళ్ళు తీసిన చిత్రం దేశదేశాలు తిరిగింది.

కెమెరా ఎలా పట్టాలో వాళ్ళు పెట్టుకున్న పేర్లు వినండి. పైనుంచి మనిషిని కిందికి చూపిస్తే అది పటేల్ షాట్. కిందినుంచి తలెత్తి చూపిస్తే అది జీతగాడి చూపు. ఎదురుగా కూర్చుని కళ్ళల్లో కళ్ళు పెట్టి తీస్తే సంఘం షాట్. సంఘంలో అందరూ ఒకే చాప మీద కూర్చుంటారు గనక! సినిమా విద్య మీద ఎన్ని పుస్తకాలు రాసినా ఇంత తేలిగ్గా చెప్పగలరా? మా కుర్రాడు మా అత్తగారి ముందు గొంతుక్కూర్చుని తీశాడు. అది సంఘం షాటని వాడికీ తెలియదు, మాకూ తెలియదు.

2008 అక్టోబరు 15న ఆ ఆడవాళ్ళే మాచ్‌నూరులో సంఘం రేడియో మొదలుపెట్టారు. ప్రారంభించడానికి వచ్చిన పెద్దమనిషి ఎవరనుకున్నారు? తరంగాలు ప్రజలవి అని తీర్పు రాసిన సావంత్ గారే. సతీష్ గారు 2023 మార్చిలో పోయారు.

2020లో కరోనా వచ్చి బడులు మూతపడినప్పుడు సప్తగిరి చానెల్లో పాఠాలు చెప్పారు. మా మనవడు పలక ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. మార్కాపురం పలకే, మా సీమ సరుకు. "ఆగండి సార్, నేనింకా రాయలేదు" అనేవాడు టీవీతో. సారు ఆగేవారు కాదు. మావారు పడకకుర్చీలోంచి లేచి వెళ్ళి, వాడి పక్కన కూర్చుని, ఆ మెట్టు మళ్ళీ రాసి చూపించేవారు. మా అత్తగారు అప్పటికి లేరు. ఉంటే ఏమనేవారో నాకు తెలుసు.

ఆ నాలుగు నిమిషాల బొమ్మని కుర్రాడు ఒక క్యాసెట్టులో ఎక్కించి ఇచ్చాడు, "అవ్వ గుర్తుగా దాచుకోండమ్మా" అని. ట్రంకు పెట్టెలో, ఆవిడ పట్టుచీరె మడతల్లో, కర్పూరం బిళ్ళల మధ్య దాచాను. మొన్న తీసి చూస్తే పెట్టె మీద బూజు పట్టింది గాని టేపు బాగానే ఉన్నట్టుంది. వేసి చూడ్డానికి మిషనేదీ? ఊళ్ళో ఎవరింట్లోనూ వీసీఆర్ లేదు. ఒంగోల్లో ఫోటో స్టూడియో ఆయన ఒకాయన ఇలాంటివి ఫోనులోకి మార్చి ఇస్తాడట. ఎల్లుండి మావారి కళ్ళ పరీక్షకి ఎలాగూ ఒంగోలు వెళ్ళాలి. క్యాసెట్టు సంచిలో పెట్టేశాను, అద్దాల చీటీతో పాటు.