108కి దండం, మరి లెక్కల సంగతి?

2009 జనవరి 7న మా ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్లో టీవీ ముందు నిలబడడానికి చోటు లేదు. సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు బోర్డుకి రాసిన ఉత్తరం గురించి స్క్రోలింగ్ వస్తోంది. కంపెనీ పుస్తకాల్లో చూపించిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేనే లేవట. ఆ ఒక్క రోజే షేరు 70 శాతానికి పైగా పడిపోయింది.

"ఎంతైనా 108 పెట్టిన మనిషి రా" అన్నారెవరో. అన్నది నేనే.

ఆ మాటలో అబద్ధం లేదు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 అంబులెన్సులు రాజు కుటుంబం పెట్టిన ఈఎంఆర్ఐ సంస్థవి. అంతకుముందు యాక్సిడెంటైతే ఆటోవాడి దయ. 108 వల్ల బతికినవాళ్ళు మనందరి చుట్టాల్లోనూ ఉంటారు. కాబట్టి ఆ గౌరవం ఊరికే వచ్చింది కాదు.

కానీ ఆ గౌరవాన్ని మేం ఎక్కడ వాడాం? లెక్కల గురించి అడగాల్సిన చోట. 2008 డిసెంబరు 16న కుటుంబ కంపెనీలైన మేటాస్‌లను 160 కోట్ల డాలర్లకి సత్యం చేత కొనిపించబోతే, ఇన్వెస్టర్లు ఎదురు తిరిగి గంటల్లో వెనక్కి తీసుకునేలా చేశారు. వాళ్ళు అడిగింది ఒకటే: మా డబ్బు ఎటు పోతోంది? మనం మాత్రం అంబులెన్సు వంక చూసి ఊరుకున్నాం. దానమే మోసాన్ని దాచిందని నేననను. ఆడిటర్లు, బోర్డు, అందరూ ఉన్నారు అందులో. అడగాలన్న ఆలోచనే మనకి రాకపోవడం గురించి నా బాధ.

ఇంకో సంగతి. 108 నిర్వహణ ఖర్చులో చాలా భాగం ప్రభుత్వ ఖజానా నుంచే వెళ్ళేది, అంటే మన పన్నులే. డబ్బు ఎక్కువగా మనది, కృతజ్ఞత మొత్తం ఆయనకి! 2009లోనే ఈఎంఆర్ఐని జీవీకే తీసుకుంది. రాజు జైల్లో ఉన్నా సైరన్ ఆగలేదు. ప్రశ్నిస్తే మంచిపని ఆగిపోతుందన్న భయానికి జవాబు అక్కడే దొరికింది.

2013 కంపెనీల చట్టం వచ్చాక పెద్ద కంపెనీలు సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. అయినా ఏ కంపెనీని ఏమన్నా అంటే, కట్టించిన బడి ఫొటో చూపిస్తారు. బడి బాగుంటే బాగుందనే అందాం. అడిగింది వేరే లెక్క కదా, దానికి జవాబు కూడా ఇమ్మందాం.