అరవై ఒకటో నంబరు

రండర్రా, నెగడు దగ్గరికి జరగండి. బుజ్జీ, ఆ శాలువా భుజాల మీదికి లాక్కో. పొద్దున అడిగావు కదూ, తాతయ్యా, నువ్వు జో మోంటానా ఆట చూశావా అని. చూడకేం! కానీ నా కళ్ళు మోంటానా మీద ఉండేవి కావురా. అతని ముందు గోడలా నిలబడేవాడి మీద ఉండేవి. అరవై ఒకటో నంబరు. జెస్సీ సపోలు.

మేం ఈ ఊరు వచ్చిన కొత్తల్లో నాకీ అమెరికన్ ఫుట్‌బాల్ ఆట తలాతోకా తెలిసేది కాదు. చిన్నప్పుడు చెడుగుడు ఆడినవాణ్ణి కనుక గీత దగ్గర ఎవడు కాళ్ళెలా పెడుతున్నాడో చూసేవాణ్ణి. ఆ గీత దగ్గర నిలబడే లైన్‌మన్‌కి బంతి పట్టుకుని పరిగెత్తే పని లేదు. వెనక మోంటానా లాంటివాడు దాన్ని విసిరేదాకా, ఆ రెండు మూడు క్షణాలూ, మీదికొచ్చేవాణ్ణి ఆపాలి. అంతే. అలా చూస్తూ చూస్తూ ఇతని దగ్గర నా చూపు ఆగిపోయింది.

పుట్టింది 1961లో, సమోవాలోని అపియాలో. మరుసటి ఏడు జనవరి ఒకటిన ఆ దేశానికి న్యూజిలాండ్ నుంచి స్వాతంత్ర్యం వచ్చింది. పెరిగింది హొనొలులు, కలీహి పేటలో. ఫారింగ్టన్ హైస్కూల్, తర్వాత హవాయి యూనివర్సిటీ. 1983లో, జట్లు కొత్త ఆటగాళ్ళని వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, మన శాన్‌ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్ వాళ్ళు పదకొండో రౌండ్లో తీసుకున్నారు. అతనికి ముందు 288 మందిని పిలిచారు! ఇప్పుడు ఏడు రౌండ్లే కదా, ఇవాళైతే ఆ పేరు పిలిచేవారే కాదు. తీసుకున్నాక మాత్రం కుదురుగా సాగిందా? పాదం విరిగింది, దెబ్బ మీద దెబ్బ, మూడేళ్ళు దాదాపు ఆటే లేదు. లైన్‌కి కోచ్ బాబ్ మెకిట్రిక్ అని ఉండేవాడు. ఆయనకి ఒట్టి బరువు కాదు, కాళ్ళలో చురుకు కావాలి. ఆయన చేతిలో పడ్డాడు గనక నిలిచాడు అనుకుంటాను నేను.

1989 జనవరి, మయామీలో సూపర్‌బౌల్, అంటే సీజన్ ఆఖరి పోటీ. సిన్సినాటి 16, మనవాళ్ళు 13. మూడు నిమిషాల చిల్లర మిగిలింది. పోవలసింది 92 గజాలు. ఊపిరి బిగబట్టి చూశాం. పదకొండు దఫాల్లో వెళ్ళిపోయారర్రా! ఇంకా 34 సెకన్లున్నాయనగా జాన్ టేలర్ బంతి పట్టాడు, గెలిచాం. ఊరంతా టేలర్ పేరే. నేనేమో లైన్‌లో ఎడమ గార్డ్‌గా ఉన్న సపోలుని చూస్తున్నాను. ప్రతి దఫాకీ వంగడం, లేవడం, ఢీకొట్టడం, మళ్ళీ పరిగెత్తి వచ్చి వంగడం. ఆ ఏడాది అక్టోబరులోనే ఇక్కడ భూకంపం. మనవాళ్ళ మైదానం క్యాండిల్‌స్టిక్‌లో ఆడే వీల్లేక ఒక మ్యాచ్ స్టాన్‌ఫర్డ్‌లో ఆడారు. అప్పటికి సపోలు సెంటర్ అయ్యాడు, మోంటానా చేతికి బంతి అందించేది అతనే. ఆ సీజన్ చివర సూపర్‌బౌల్లో డెన్వర్‌ని 55-10తో ఓడించారు.

మళ్ళీ 1995లో సూపర్‌బౌల్, శాన్‌డియేగో మీద. అటువైపు జూనియర్ సియావ్, అతనిదీ సమోవా నెత్తురే. ఇటు సపోలు, అటు సియావ్. ఆ దీవుల వాళ్ళ ఇళ్ళలో ఆ రోజు ఎవరి పక్షం ఉన్నారో అని ఇప్పటికీ అనుకుంటుంటాను. గెలుపు మనదే. అతనికది నాలుగో సూపర్‌బౌల్ ఉంగరం. చాలా ఏళ్ళకి, 2013లో, సపోలు ఇంకొక ఆటగాడితో కలిసి పాలినేషియన్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ స్థాపించాడు. మొదటి విడతలోనే సియావ్ పేరుంది. అప్పటికి సియావ్ బతికి లేడు.

అసలు చెప్పాలనుకున్నది ఇది. 1997లో తెలిసింది నాకు, సపోలుకి గుండె తెరిచి ఆపరేషన్ చేశారని. చిన్నప్పుడు వచ్చిన రుమాటిక్ జ్వరం గుండె కవాటాన్ని పాడుచేసిందట. ఆ మాట విని నేను కుర్చీలోంచి లేవలేకపోయాను.

మీ చిన్నతాత ఫొటో చూశారుగా, దేవుడి గదిలో? వాడికీ అదే జ్వరం. ముందు గొంతు నొప్పి, తర్వాత కీళ్ళు వాచాయి, తర్వాత గుండె. ఇరవయ్యొక్క రోజులకోసారి పెనిసిలిన్ ఇంజెక్షన్‌కి బస్సులో తీసుకెళ్ళేవాణ్ణి నేనే. చెడుగుడు ఆడనిచ్చేవాళ్ళం కాదు. అరుగు మీద కూర్చుని మా కూత లెక్కపెట్టేవాడు. పందొమ్మిదేళ్ళకి పోయాడు. అలాంటి గుండెతో ఇతను పధ్నాలుగేళ్ళు ఆ గీత దగ్గర వంగి నిలబడ్డాడా! నేను చూసిన ప్రతి ఆటా నాకు మళ్ళీ కళ్ళముందు తిరిగింది.

అదే ఏడాది మళ్ళీ మైదానంలోకి వచ్చాడు. అప్పుడు మా అమ్మ, మీ ముత్తవ్వ, ఇక్కడే ఉంది. ఆదివారం, టీవీ పెట్టాను. అమ్మకి ఈ ఆట అంటే విసుగు, వత్తులు చేసుకుంటూ కూర్చుంది. మెల్లగా చెప్పాను, అమ్మా, అదిగో ఆ పిల్లాడికి మన తమ్ముడి జబ్బే, కోసి కుట్టారు, మళ్ళీ ఆడుతున్నాడు అని.

అమ్మ పత్తి పక్కన పెట్టింది. కళ్ళజోడు తెమ్మంది. టీవీకి దగ్గరగా పీట వేయించుకుని, "ఏడిరా, వాడేడి? చూపించు" అంది. ఆట అయ్యేదాకా అక్కణ్ణుంచి లేవలేదు.