ఆరుగురు మిగిలిన సభ

యుద్ధం ముగిసి సిపాయి ఇల్లు చేరితే కథ కంచికి వెళ్ళినట్టే అనుకుంటాం కదండీ! అమెరికాలో ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య జరిగిన అంతర్యుద్ధం 1865లో ముగిసింది. కానీ పక్క గుడారంలో పడుకున్నవాడు ఇప్పుడెలా ఉన్నాడోనన్న బెంగ తీరేదా? 1866లో ఇల్లినాయ్ రాష్ట్రంలో ఉత్తరాది మాజీ సైనికులు ‘గ్రాండ్ ఆర్మీ ఆఫ్ ది రిపబ్లిక్’ అనే సంఘం పెట్టుకున్నారు. ఊరూరా శాఖలు వెలిశాయి. 1890 నాటికి సభ్యులు 4 లక్షలు దాటారు. ఏటా మహాసభ, జబ్బుపడ్డవాళ్ళకి సాయం, పింఛన్ల కోసం పోరాటం, ఇవీ వాళ్ళ పనులు.

ఇందులో ఆడవాళ్ళకేం పని అంటారా? 1883లో స్త్రీలు ‘ఉమన్స్ రిలీఫ్ కోర్’ అనే అనుబంధ సంఘం పెట్టి, వితంతువుల, అనాథల బాధ్యత భుజాన వేసుకున్నారు.

ఆ యుద్ధంలో పనిచేసినవాళ్ళకే సభ్యత్వం. అందుచేత సంఘం ఏటేటా తరిగిపోవలసిందే. 1949లో ఇండియానాపొలిస్‌లో జరిగిన చివరి మహాసభకి రాగలిగినవాళ్ళు ఆరుగురే! కుర్రతనంలో డ్రమ్ము వాయించడానికి సైన్యంలో చేరిన ఆల్బర్ట్ వూల్సన్ 1956లో కన్నుమూయడంతో సంఘమూ ముగిసింది.

మన ఇళ్ళల్లోనూ సైన్యంలో పనిచేసొచ్చిన తాతయ్యలున్నారు. పాత మిత్రుడి కబురు కోసం వాళ్ళు ఎదురుచూస్తుంటే, ‘ఈ వయసులో ఎందుకు?’ అనకండి. ఆ రోజుల సంగతులు విడమరిచి చెప్పకుండానే అర్థమయ్యేది ఆ మిత్రుడికే.