చీనా వైద్యమునఁ బథ్యవిచారము

‘పథిన్’ శబ్దముమీఁద యత్ప్రత్యయము రాఁగా ‘పథ్యము’ అను రూపము సిద్ధించుచున్నది. మార్గమునుండి తొలఁగనిది యని దాని యర్థము. రోగి కుడువఁదగిన యాహారమునం దది లోకమున రూఢమైనది. చీనాదేశమున నీ పథ్యచింత యతిప్రాచీనము. అది భరతఖండమునుండి బౌద్ధులవెంట నచ్చటికిఁ బోయినదని కొందఱందురు. ఆ మాట విచారింపఁదగియున్నది.

‘చౌ లీ’ యను ప్రాచీన చీనా రాజ్యతంత్రగ్రంథమున వైద్యులు నాలుగు తెగలుగాఁ జెప్పఁబడిరి. అందు మొదట నాహారవైద్యులు, పిమ్మట రోగవైద్యులు, వ్రణవైద్యులు, కడపటఁ బశువైద్యులు. ఆహారవైద్యు లిరువురే, రోగవైద్యు లెనమండ్రు. సంఖ్య యల్పమయ్యు స్థానము ప్రథమము. రాజున కన్నము వెచ్చగను, చారు వేఁడిగను, పానీయము చల్లగను నుండునట్లును, ఋతువు ననుసరించి రుచులు మాఱునట్లును జూచుట వారి విధి.

‘హువాంగ్ దీ నైజింగ్’ అను వైద్యసంహితలో శరీరపోషణమున ధాన్యములది ప్రధానస్థానము. ఫలమాంసశాకములు వానికిఁ దోడు. క్రీ. శ. 200 ప్రాంతమున నున్న జాంగ్ జోంగ్‌జింగ్ దాల్చినికొమ్మల కషాయము త్రాగించి, వెంటనే వేఁడి బియ్యపుగంజి యిచ్చి చెమట పట్టింపు మనెను. 682లో మరణించిన సున్ సిమియావ్ రోగమును మొదట నాహారముచేతనే కుదుర్పవలెననియు, అది చాలనప్పుడే యౌషధము వాడవలెననియు శాసించెను. 1330లో హు సిహుయీ మంగోలు చక్రవర్తికిఁ బథ్యపాకములనుగూర్చిన గ్రంథమును సమర్పించెను.

ఇఁక నెరవు మాట. ఆయుర్వేదమున రసము లాఱు, చీనాలో నైదు. వగరు వారికిఁ బ్రత్యేకరసము గాదు. పులుపు కాలేయమునకు, చేఁదు హృదయమునకు, తీపి ప్లీహమునకు, కారము ఊపిరితిత్తులకు, ఉప్పు మూత్రపిండములకు నన్వయించు క్రమము కాష్ఠాగ్నిభూలోహజలములను వారి తత్త్వపంచకము ననుసరించినది. మన పంచభూతములలోఁ గాష్ఠలోహములు లేవు. మఱియు బౌద్ధమతము చీనాలో వ్యాపించుటకుఁ బూర్వమే నైజింగులోని ప్రధానభాగ మేర్పడియుండెను.

నలందలోఁ బదియేండ్లు చదివిన చీనాభిక్షువు ఇత్సింగ్ తన గ్రంథమున భారతీయుల యుపవాసచికిత్సను మెచ్చుకొనుచునే, మూలికల విషయమునఁ దన దేశమే మిన్న యనెను. అతనికి రెండును వేఱువేఱు శాస్త్రములుగానే తోఁచెను. ఇచ్చిపుచ్చుకొనుట లేకపోలేదు, సున్ సిమియావ్ మన జీవకుని పేరెత్తినాఁడు. అయినను బోలిక మాత్రమే యెరవునకు సాక్ష్యము గాఁజాలదు. కావునఁ బథ్యశాస్త్రము చీనాలో స్వతంత్రముగానే పుట్టి, పిదప బౌద్ధులవలన నించుక పోషణము నందినదని చెప్పుట యుక్తము.