నీలి గసగసాల పువ్వు

గసగసాలనెరుగని యిల్లాలు మన దేశమున లేదు. ఆ మొక్క కుటుంబమునకే చెంది, ఆకాశమువలె నీలవర్ణముగల పువ్వులు పూచు మొక్క యొకటి హిమాలయముల కావల, టిబెట్టు కొండలోయలలో గలదు. చల్లదనమును, తేమయు నున్నచోటనే యది యేటేట చిగురించి పూచును. మన యెండలకు నిలువదు. ఇంగ్లండు తోటలలో నెంతయో మక్కువతో దానిని పెంచుదురు. ఈ పూట దాని కథ చెప్పవలెనన్న ముందుగా నొక నది సంగతి చెప్పవలసియున్నది.

టిబెట్టులో త్సాంగ్పో యను మహానది తూర్పుముఖముగా బారి, భయంకరమైన కొండల నడుమ మాయమగును. అదియే దిగువ మన బ్రహ్మపుత్ర యగునా యని పూర్వము సందేహముండెను. దానిని తీర్చుటకై 1880లో సర్వే శాఖవారు రహస్యముగా నొక లామాను, తోడుగా కింథప్ అను సిక్కిం దేశీయుని పంపిరి. కింథప్ డార్జిలింగులో కుట్టుపని చేసినవాడు, చదువురానివాడు. నమ్మి వెంటబోయిన యాతనిని ఆ లామా దారిలో బానిసగా నమ్మి తన త్రోవను తాను పోయెను! కింథప్ తప్పించుకొని పారి యొక మఠము చేరగా, మఠాధిపతి పైకమిచ్చి యాతనిని కొనెను. అట్లు మరల సేవకుడయ్యును పూనిన పని మరువలేదు. అడవిలో 500 దుంగలు కోసి దాచి, యాత్ర నెపమున లాసాకు బోయి, ఫలానా దినములలో దుంగలు వదలెదనని యుత్తరము వ్రాయించి పంపెను. పిమ్మట మఠాధిపతి దయతో విడుదలయై, గుర్తులు బిగించిన యా దుంగలను దినమునకు 50 చొప్పున నదిలో విడిచెను. ఉత్తరమందవలసిన యధికారి యప్పటికే దేశము విడిచిపోయెను. దిగువ నెవ్వరును కాచియుండలేదు. 1884లో తిరిగివచ్చి జ్ఞాపకమునుండి చెప్పిన వృత్తాంతమును పలువురు నమ్మరైరి.

1913లో బెయిలీ, మోర్స్‌హెడ్ అను నిరువురధికారులు త్సాంగ్పో వెంట నడచి, కింథప్ మాటలు చాలవరకు సత్యములని కనుగొనిరి. ఆ ప్రయాణముననే బెయిలీ యీ నీలిపువ్వును జూచి, యొకదానిని తన చేతిపుస్తకమున నదిమి తెచ్చెను. 1924లో కింగ్‌డన్ వార్డు అక్కడికే పోయి విత్తనములు తేగా, 1926లో నవి ఇంగ్లండున పూచెను. పూర్వము కలకత్తా వృక్షోద్యానమునకు అధిపతిగానుండిన ప్రెయిన్ పండితుడు ఆ యేడే మొక్కకు బెయిలీ పేరు పెట్టెను. 1934లో నా పేరు తీసివేసి, చైనా దేశపు మొక్క యొకదానితో దీనిని కలిపిరి. 2009లో రెండును వేరని తేలి, పేరు మరల నిలిచెను.

1914లో బెయిలీ కింథప్‌ను వెదకించి సిమ్లాకు రప్పించెను. త్సాంగ్పోపై 150 అడుగుల జలపాతమున్నదని యాతని వృత్తాంతములో నుండెను; బెయిలీకి మాత్ర మది కానరాలేదు. అడుగగా, అది ప్రక్కనుండి వచ్చు వాగుపైనున్నదనియే తాను చెప్పితినని కింథప్ పలికెను. వ్రాసికొన్నవారిదే పొరపాటు! ప్రభుత్వమువారాతనికి 1000 రూపాయలిచ్చిరి. స్వల్పకాలములోనే కింథప్ మరణించెను.